బొమ్మ కింద రెండు మాటలు

పొద్దున్న ఆరున్నరకి పొయ్యి మీద మగ్గుడు నీళ్ళు పెట్టడం ఆవిడకి పెళ్ళయిన నాటి నుంచీ అలవాటు. నీళ్ళు మరగకూడదు. వేలు ముంచితే చురుక్కుమనాలి, చర్మం కమలకూడదు. ఆ మగ్గు తీసుకెళ్ళి పెరటి మెట్టు మీద పెట్టేస్తే అక్కడితో ఆవిడ వంతు అయిపోయేది. మిగతాది మావయ్యా భర్తా, ఆ తండ్రీ కొడుకుల వ్యవహారం. కుడిచెయ్యి పడిపోయిన తండ్రిని స్టూలు మీద కూర్చోబెట్టి, మెడకి తువ్వాలు చుట్టి, కొడుకు గడ్డం గీసేవాడు. తరవాత అదే రేజరుకి బ్లేడు మార్చి, మిగిలిన నీళ్ళతో తను గీసుకునేవాడు.

“నువ్వు గడ్డం గీస్తున్నావా, గోడకి సున్నం గోకుతున్నావా?” అనేవాడు తండ్రి.

“గోడకి ఇన్ని సొట్టలుండవు నాన్నా” అనేవాడు కొడుకు.

రోజూ ఇవే మాటలు. వంటింట్లో ఆవిడ రోజూ కొత్తగా విన్నట్టే నవ్వుకునేది. వాళ్ళ పని అయ్యాక రేజరుని మూడు ముక్కలుగా విప్పి, కడిగి, పొడిగుడ్డతో తుడిచి కిటికీలో ఆరబెట్టేది.

ఇప్పుడు నీళ్ళు పెట్టేదీ ఆవిడే, తువ్వాలు చుట్టేదీ ఆవిడే, రేజరు పట్టేదీ ఆవిడే. భర్త పోయి ఐదు నెలలయింది. మావయ్య సున్నం మాట ఎత్తడం మానేశాడు. గడ్డం పైకెత్తి కళ్ళు మూసుకుని కూర్చుంటాడు. ఆవిడ చెయ్యి మధ్యలో ఆగిపోతే మాత్రం, “కానీవమ్మా, ఈ మొహం చూసి పిల్లనిచ్చేవాళ్ళెవరూ లేరులే” అంటాడు.

చెయ్యి ఆగడానికి కారణముంది. మావయ్య రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటాడు. చిన్న గాటు పడినా మధ్యాహ్నం దాకా దూది ఒత్తిపెట్టుకు కూర్చోవాలి. చేతిలో ఉన్నదా, వాడి పారేసే ప్లాస్టిక్ రేజరు. దూదిపింజంత బరువుండదు. నొక్కితే తప్ప తెగదు, నొక్కితే ముడతల్లో ఎగిరి తెగ్గోస్తుంది. “రేజరుని మనం నొక్కకూడదు, దాని బరువే దాని పని చేసుకోవాలి” అని భర్త వెయ్యిసార్లు చెప్పి ఉంటాడు. ఆయన పాత ఇత్తడి రేజరుకి ఆ బరువుండేది. భుజాల దగ్గర పూత అరిగి లోపలి పసుపు బయటపడినా, అడుగుతీసి అడుగు వేసినట్టు నడిచేది. ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఆయన అడిగాడని తీసుకెళ్ళింది. ఆయన్ని ఇంకో వార్డుకి మార్చిన రోజు అల్మరాలోంచి ఎవరో ఎత్తుకుపోయారు. మంచాన పడ్డ మనిషి రేజరు! దాన్ని తియ్యడానికి కూడా చేతులెలా వచ్చాయో అని తలుచుకున్నప్పుడల్లా ఆవిడకి ఒళ్ళు మండుతుంది.

వీధిలో అందరూ ఆయన్ని మెరుగు మేస్త్రి అనేవాళ్ళు. రేజర్లు చేసే చిన్న కార్ఖానాలో ముప్ఫై ఒక్క ఏళ్ళు పాలిష్ చక్రం ముందు నిలబడ్డాడు. లేతు యంత్రం మీద కోసిన ఇత్తడి ముక్కలు బుట్టల్లో ఆయన దగ్గరికి వచ్చేవి. గుడ్డ చక్రానికి మైనం లాంటి పాలిష్ కడ్డీ రుద్ది, ఒక్కో ముక్కనీ గీతలు పోయేదాకా దానికి ఆనించి తిప్పి, ఆ తరవాతే మెరిసే తెల్లపూత వేసే తొట్టికి పంపేవాడు. పూత మీద గీత కనబడితే తప్పు పూతది కాదు, కింద మెరుగు పెట్టినవాడిది అనేవాడు. సాయంత్రం ఇంటికొస్తే ముక్కుపుటాలు మసిబారి ఉండేవి. చొక్కా ఉతికితే మూడు నీళ్ళు నల్లగా పోయాక గానీ నాలుగోది తెల్లగా వచ్చేది కాదు.

ఆవిడకి చదువు పెద్దగా లేదు. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతుంది. లోహాల చదువు మాత్రం ఆయనే చెప్పాడు. పనికిరాక పక్కన పడేసిన ముక్కలు జేబులో వేసుకొచ్చి, “కళ్ళు మూసుకో” అని అరచేతిలో పెట్టేవాడు.

“ఇదేంటి?”

“ఏమీ పెట్టలేదుగా మీరు!”

“అదే అల్యూమినియం. ఇది?”

“బరువుంది. ఇత్తడి.”

“గట్టు మీద పడెయ్. విను. ఇత్తడి పలుకుతుంది. ఇప్పుడీ జింకు ముక్క పడెయ్. దగ్గుతోంది చూశావా?”

ఇంకో మాట కూడా చెప్పాడు. పూత మొహానికే ఉంటుందిట. మర తిరిగే చోట, పిడి గొట్టం లోపల, అంత లోతుకి పూత సరిగ్గా పోదు. అసలు రంగు అక్కడ కనబడుతుంది. అలాగని జింకుని ఆయన ఏనాడూ తిట్టలేదు. పోతపోసి చేస్తారు, చవగ్గా వస్తుంది, గట్టిగా బిగించకుండా జాగ్రత్తగా వాడుకుంటే కొన్నాళ్ళు నడుస్తుంది. పూత లేచిందా, తెల్లబూజు పడుతుంది, ఒకనాడు మర దగ్గర పుటుక్కుమంటుంది. “తెలిసి కొనుక్కున్నవాడికి అన్యాయమేం లేదు” అనేవాడు.

ఆయన పోయిన నెలకి కార్ఖానా యజమాని ఇంటికొచ్చాడు. కూడా మరిది. మరిది అదే కార్ఖానాలో ప్యాకింగు చూస్తాడు. యజమాని చెప్పులు గుమ్మంలో విప్పి మరీ లోపలికొచ్చాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

“చెల్లెమ్మా, మేస్త్రి లేని కార్ఖానా నాకు కార్ఖానాలా లేదు. ఆయన పేరు మీద కొత్త రేజరు తెస్తున్నాను. ఆయన బొమ్మ వేయిస్తాను. మంచి ఫోటో ఒకటి ఇవ్వు” అన్నాడు.

ఆవిడకి గుండె నిండిపోయింది. మెరుగు పెట్టేవాడి మొహం ఎవరికి తెలుస్తుంది? కొన్నవాడు మెరుపు చూస్తాడు గానీ మనిషిని చూడడు కదా. ట్రంకుపెట్టె తీసి, ఉన్న వాటిలో మంచిది ఏరి, తలకి గుడ్డ కట్టుకుని చక్రం పక్కన నవ్వుతూ నిలబడ్డ ఫోటో తన చేతులతో తనే ఇచ్చింది. ఇంట్లో కూర్చుని చేసుకునే పని కూడా ఇస్తానన్నాడు యజమాని. అట్టపెట్టెలు మడవడం, వాటి మీద లేబుళ్ళు అంటించడం. సరేనంది.

అప్పటి నుంచి మధ్యాహ్నాలు అదే పని. పిండి ఉడికించి జిగురు చేసుకుని, వసారాలో చాప మీద కూర్చునేది. లేబులు మీద భర్త నవ్వు మొహం. బొమ్మ పైన “మేస్త్రి రేజరు” అని, బొమ్మ కింద రెండు మాటలు: “అసలు ఇత్తడి.” కూడబలుక్కోకుండా చదవగలిగినవి ఇన్నేళ్ళకి ఆ రెండు మాటలే. అంటించిన ప్రతిసారీ ముడత పడకుండా ఆయన నుదుటి మీద బొటనవేలితో సుతారంగా రాసేది. రేజరు మాత్రం ఆవిడ కంట పడలేదు. ఖాళీ పెట్టెలు ఇక్కడ మడిస్తే, అక్కడ నింపుకునేవాళ్ళు.

“ఏమయ్యా, ఆ రేజరు ఒకటి మీ నాన్నకి తెచ్చిపెట్టకూడదూ? ప్లాస్టిక్కుతో నానా హింసా పడుతున్నాం” అని మరిదిని అడిగింది.

“రేపు తెస్తాను వదినా” అన్నాడు. రేపు కాస్తా ఎల్లుండయింది. ఎల్లుండి, మర్చిపోయానన్నాడు. ఆ తరవాత సరుకు లేదన్నాడు. సరుకు లేకపోతే నేను మడిచిన పెట్టెల్లో ఏం పెట్టి పంపుతున్నారు, గాలా అని నవ్వింది గానీ, అనుమానం రాలేదు.

ఒకనాడు మావయ్య చెవి కింద గాటు పడి, తువ్వాలంతా ఎర్రబడింది. ఆవిడ దూది ఒత్తిపెట్టి ఆయన్ని పడుకోబెట్టింది. చెప్పులు వేసుకుని బజారు మూలనున్న ఫ్యాన్సీ షాపుకి వెళ్ళింది.

“ఏం కావాలక్కా?”

“గడ్డం గీసే రేజరు. బ్లేడు మార్చుకునేది. ముసలి చర్మానికి.”

షాపాయన అద్దం బల్ల మీద నాలుగు పెట్టాడు. ఒకటి ప్లాస్టిక్ పిడిది. ఒకటి నీలం రంగు వేసిన అల్యూమినియం. ఒకటి పెట్టే, బొమ్మా ఏమీ లేని స్టీలు. నాలుగోది ఆవిడ మడిచిన పెట్టె. పెట్టె మీద భర్త.

“ఇది తీసుకోండి, కళ్ళు మూసుకుని తీసుకోండి. అసలు ఇత్తడి. ఈ బొమ్మలో ఉన్నాయన ఉన్నాడే, ఇప్పటికీ ఒక్కో రేజరూ తన చేత్తో చూసి గానీ బయటికి పంపడట.”

“ఇప్పటికీనా?” అంది ఆవిడ.

“ఇప్పటికీ. కంపెనీ మనిషి నిన్న కూడా చెప్పాడు.”

ఆవిడ పెట్టె తెరిచి రేజరు అరచేతిలో పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది, షాపాయన చెప్పినందుకు కాదు. ఉండాల్సిన బరువు చేతిలో లేదు. అద్దం మీద మెల్లగా ఆనించి కొట్టింది. దగ్గింది. పిడి విప్పి, జడలోంచి పిన్ను తీసి గొట్టం లోపల గీకింది.

“అక్కా, అక్కా! సరుకు పాడు చేస్తున్నారు!”

“నేను పాడు చెయ్యలేదు నాయనా. ఇది పాడయ్యే వచ్చింది.” గీకిన చోట పసుపు లేదు. బూడిదరంగు తెలుపు. “ఇది జింకు.”

“జింకేంటక్కా, ఇలా చూడండి.” అయస్కాంతం తీసుకొచ్చి రేజరుకి ఆనించాడు. “అంటుకుందా? లేదు. అంటే ఇత్తడే.”

ఆవిడ చూపుడువేలు చాపింది. “దీనికి ఆనించు. అంటుకుందా? లేదు. నా వేలు ఇత్తడా?”

పక్కన సబ్బులు ఏరుకుంటున్న ముసలావిడ కిసుక్కున నవ్వింది. షాపాయన అయస్కాంతం సొరుగులో పడేశాడు.

ఆవిడ స్టీలు రేజరు అందుకుంది. బరువు బాగానే ఉంది. తల దగ్గర లేతు గీతలు సన్నగా కనబడుతున్నాయి. మెరుగు పెట్టినవాడికి ఓపిక చాల్లేదు. ఆయనుంటే దీన్నీ వెనక్కి పంపేవాడు. అయినా పూత లేదు, పేరు లేదు, లోపలొకటి బయటొకటి లేదు. మావయ్యకి అది తీసుకుంది. జింకుది కూడా కొంది, గీకాను కదా అని.

“తెలిసీ రెండూ ఎందుకక్కా?” అన్నాడు షాపాయన, నోరు వెళ్ళబెట్టి.

“ఒకటి గడ్డానికి. ఒకటి అడగడానికి.”

అరికాలి మంట నెత్తికెక్కిందంటారే, అలా నడిచింది కార్ఖానాకి. అంతకు ముందు ఎప్పుడూ గేటు దాటి లోపలికి అడుగుపెట్టలేదు. భర్త టిఫిను డబ్బా మర్చిపోయినప్పుడు గేటు దగ్గర ఇచ్చి వచ్చేసేది. లోపల లేతుల మీద గోనెసంచులు కప్పి ఉన్నాయి. ఇత్తడి కడ్డీలుండే గూళ్ళు ఖాళీ. మూల కొత్త పోత యంత్రం ఒకటి, ఊపిరి తీసుకోకుండా ముక్కలు కక్కుతోంది.

“రా చెల్లెమ్మా, కూర్చో. టీ తెప్పించనా?” అన్నాడు యజమాని.

ఆవిడ కూర్చోలేదు. రేజరు బల్ల మీద పెట్టింది. “ఇది ఇత్తడా అండీ?”

“పెట్టె మీద ఉంది కదమ్మా.”

“పెట్టె మీద ఉన్నది నేను చదివాను. అంటించిందీ నేనే. ఇది ఇత్తడా అని అడుగుతున్నాను.”

యజమాని వెనక్కి వాలాడు. “చూడు చెల్లెమ్మా. ఇత్తడి కొని, లేతు మీద కోసి, మెరుగు పెట్టి అమ్మితే ఈ రోజుల్లో గేటుకి తాళం వేసుకోవాలి. కొనేవాడికి కావలసింది మెరుపు. గొట్టంలోకి తొంగి చూసేదెవరు?”

“ఆయన చూసేవాడు.”

“ఆయన కోసమే కదా ఇదంతా! ఆయన పేరు నిలబెడుతున్నాను నేను. నువ్వు సంతోషించాలి.”

నోట్లో నాలుక లేని మనిషని వీధిలో ఆవిడకి పేరు. ఆ మాటతో ఎక్కడి నుంచి వచ్చిందో గానీ నాలుక వచ్చింది. “సంతోషించాలా? జింకుని జింకని రాసి అమ్ముకోండి, నేను చెయ్యి అడ్డం పెట్టను. కొనేవాడు తెలిసి కొనుక్కుంటాడు. నా మనిషి మొహం ఎందుకండీ దాని మీద? రేపు మర విరిగి ఎవరి మెడ తెగినా, వాడు ఆ పెట్టె తీసి ఎవరి మొహం చూసి తిడతాడు? మీదా?”

గుమ్మంలో పూత తొట్టి దగ్గర పనిచేసే పెద్దాయన నిలబడి ఉన్నాడు. రబ్బరు తొడుగులు తీసి చేతిలో పట్టుకున్నాడు.

“మేస్త్రి మొదటి బుట్టే వెనక్కి పంపేశాడమ్మా” అన్నాడు మెల్లగా. “జింకుని జింకులాగే పంపండి, ఇత్తడి బుట్టలో వేసి నాకు పంపకండి అన్నాడు. రెండు రోజులు చక్రం ఆపేశాడు. మూడోరోజు నుంచి ఆయన్ని స్టోరులో కూర్చోబెట్టారు, మేకులు లెక్కపెట్టమని.”

“నీ తొట్టి దగ్గరికి నువ్వు పో” అన్నాడు యజమాని.

ఆవిడకి ఒక్కసారిగా గుర్తొచ్చింది. జబ్బు బయటపడడానికి ముందు, ఆ చివరి నెలల్లో, చొక్కా ఒక్క నీటికే తెల్లబడేది. నా చేతికి పని తగ్గిందని మురిసిపోయింది! ఎందుకని అడగలేదు. ఆయన చెప్పలేదు. వచ్చి గోడవైపు తిరిగి పడుకునేవాడు. వెనక్కి పంపిన మనిషి మొహాన్నే తెచ్చి, ఆ పంపినదాని మీదే అతికించారు. అతికించింది ఎవరు? తనే, నుదురు నిమిరి మరీ.

“నా ఫోటో నాకివ్వండి” అంది. గొంతు పైకి లేచింది. పోత యంత్రం దగ్గరున్నవాళ్ళు కూడా తిరిగి చూశారు. “వెయ్యమని చెప్పింది నేనే. ఇప్పుడు వద్దని చెబుతున్నదీ నేనే. వీళ్ళందరూ విన్నారు.”

యజమాని సొరుగులోంచి ఫోటో తీసి బల్ల మీదికి నెట్టాడు. “ఉన్న లేబుళ్ళు అయిపోనీ. రేపు ఎనిమిదికి వ్యాను వస్తుంది. ఆ లోడు మాత్రం పూర్తి చేసి పంపు. నీ మరిది కూడా ఇక్కడే పని చేస్తున్నాడు, అది మర్చిపోకు” అన్నాడు. చెల్లెమ్మా అనడం మాత్రం తనే మర్చిపోయాడు.

సాయంత్రం దీపాలు పెట్టకముందే మరిది వచ్చాడు. వసారా నిండా మడిచిన తెల్ల పెట్టెలు. మూల మూడు కట్టల లేబుళ్ళు, పురికొస ముడి విప్పనివి.

“వదినా, నా కడుపు కొట్టకు” అన్నాడు నిలబడే.

“నీకు ముందే తెలుసా?”

“తెలుసు.”

“అందుకా, రేపు తెస్తా, ఎల్లుండి తెస్తా అన్నావు?”

“నీ చేతిలో పెడితే తెలిసిపోతుందని భయమేసింది. అన్నయ్య కంటే నీతోనే కష్టం.”

ఇంకో రోజయితే ఆవిడ నవ్వేది. “మీ నాన్న చెవి కింద తెగింది పొద్దున్న. చూశావా?”

మరిది మూలనున్న కట్టల వైపు నడిచాడు. “పోనీ నువ్వు ముట్టుకోకు. నేనే అంటిస్తాను. జిగురు ఎక్కడుంది?”

“అన్నయ్య మొహానికి జిగురు నువ్వు పూస్తావా? పుయ్యి. నేను చూస్తూ కూర్చుంటాను.”

అతను చాప మీద కూర్చున్నాడు. కట్ట చివర నుంచి ఒక లేబులు లాగాడు. ఒక చేత్తో పట్టుకుని చాలాసేపు చూశాడు. వెనక్కి తిప్పాడు. మళ్ళీ ముందుకి తిప్పాడు. తరవాత దాన్ని కట్ట మీద బోర్లించి పెట్టి, మోకాళ్ళ మీద తల ఆనించుకున్నాడు.

“నన్ను తీసేస్తాడు వదినా.”

“తీసేస్తాడేమో.” తీసెయ్యడులే అని ఆవిడ అబద్ధం చెప్పలేదు. “యజమాని ఇంకో ప్రెస్సులో అచ్చేయించుకోవచ్చు. ఇంకెవరి చేతనో అంటించుకోవచ్చు. నాకు తెలుసు. ఆ షాపులో ఉన్నవాటిని నేను వెనక్కి తేలేను, అవి నా చేతులతో పోయినవే. నా మీద నాకే ఎంత కోపంగా ఉందో నీకు చెప్పలేను. ఇంక నా ఇంట్లోంచి మాత్రం ఒక్కటి పోదు.”

లోపల మంచం మీద నుంచి మావయ్య గొంతు వినబడింది. “వాడికి టీ ఇచ్చి పంపమ్మా. ఏడుపు మొహంతో వీధిలోకి పంపకు.”

మర్నాడు ఎనిమిది కొట్టకముందే వ్యాను వచ్చి ఆగింది. డ్రైవరు వసారాలోకి వచ్చి, దొంతరలు పెట్టిన పెట్టెల్ని చూసి, ఒకటి తీసి నాలుగువైపులా తిప్పాడు.

“ఏంటమ్మా, అన్నీ బోసిగా ఉన్నాయి? లేబుళ్ళేవి?”

“అవిగో.” మూలనున్న కట్టల్ని చూపించింది. “పెట్టెలు మడిచాను, తీసుకెళ్ళు. లెక్క సరిపోయింది.”

“అంటించకుండా తీసుకెళితే నన్ను తిడతారమ్మా. జిగురు అయిపోయిందా? చెబితే నేను డబ్బా తెద్దును కదా.”

“ఎందుకూ? ఇంట్లో పిండి నిండా ఉంది.”

డ్రైవరు అర్థంకానట్టు చూశాడు. “మరి గంటలో అయిపోయే పనేగా! ఉడికించండి. నేను కూర్చుంటాను.”

“కూర్చో నాయనా, మంచినీళ్ళిస్తాను” అంది ఆవిడ. “పొయ్యి మాత్రం దానికి వెలిగించను.”